కలంకారీ దుపట్టాకి 1,800 ఎక్కువా? చేతి పనికి ధర కట్టడం గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. రెండేళ్ళుగా ఇంటి దగ్గరే వెదురు కలంతో గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేస్తున్నారు. ఒక కాటన్ దుపట్టాకి ఏడు రోజులు పడుతోంది, 1,800కి అమ్ముతున్నారు. మొన్న ఒకావిడ చేతిలోకి తీసుకుని చూసి, "ఇదే కలంకారీ బజార్లో మూడు వందలకి దొరుకుతోంది కదా" అని పక్కన పెట్టేసి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మీకు టెన్షన్ పట్టుకుంది. 1,200కి తగ్గించాలా, అసలు న్యాయమైన ధర ఎంత అని అడిగారు. ఖర్చుల లెక్క కూడా పెట్టారు కాబట్టి జవాబు చెప్పడం తేలికైంది.

తగ్గించకండి. మీ ధర ఇప్పటికే తక్కువ. ఎందుకో చెప్తాను.

నేను శ్రీకాళహస్తిలో ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. గీత కుదరడానికి నాలుగేళ్ళు పట్టింది. ధర కట్టడం తెలియడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో పోయిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు ఒకటే అడిగాననుకున్నారు గానీ అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఈ దుపట్టా ఎంతకి అమ్మితే నాకు గిట్టుతుంది అనేది ఒకటి. కొనేవాళ్ళకి ఇది ఎంత చేస్తుందనిపిస్తుంది అనేది ఇంకొకటి. మొదటిది ధర. దాని జవాబు మీ నోటుబుక్కులో ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. రెండోది విలువ. అది కొనే మనిషి మనసులో ఉంటుంది, మనిషికో రకంగా ఉంటుంది. ఆవిడ మీకు చెప్పింది తన మనసులోని విలువ. మీరు దాన్ని విని మీ లెక్కలోనే తప్పుందనుకున్నారు. చేతి పని చేసేవాళ్ళం చాలామందిమి దెబ్బతినేది ఇక్కడే.

మనం మాట్లాడుకునే తీరులోనే ఈ చిక్కు ఉంది. ఖరీదెంత అన్నా, వెల ఎంత అన్నా, విలువెంత అన్నా ఒకే అంకె చెప్తాం. రైతుల దగ్గర మాత్రం ఒక మంచి మాట ఉంది, గిట్టుబాటు ధర అని. పెట్టుబడి, కూలీల ఖర్చు, సొంత కష్టం అన్నీ తిరిగి రావాలి, మళ్ళీ పంట వేసుకోవడానికి నాలుగు డబ్బులు మిగలాలి. మనకి మొదట కావాల్సింది ఈ మాటే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో నూట యాభై దాటింది. కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మనం చూశాం. కాయ అదే, పులుపు అదే, చారులో దాని అవసరం అదే. మారింది ధర ఒక్కటే. టమాటా నాలుగు రోజులు ఆగదు కాబట్టి రైతు వచ్చిన ధరకి తెగనమ్ముకోవాల్సి వస్తుంది. మన దుపట్టా మడతపెట్టి బీరువాలో ఉంచితే ఆరు నెలలైనా ఏమీ కాదు. ఒకరు వద్దన్నారని ఆ పూటే ధర దించాల్సిన గతి మనకి పట్టలేదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. గుడ్డ 380. కరక్కాయ, పాలు, పటిక, రంగులు, ఉడకబెట్టడానికి గ్యాస్ అన్నీ కలిపి 190. ప్యాకింగ్, కొరియర్ 110. మొత్తం 680. మీ 1,800లోంచి అది తీసేస్తే మిగిలేది 1,120. ఏడు రోజులకి పంచితే రోజుకి 160 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి 2025-26లో రోజు కూలి 307. అందులో సగమే మీకు వస్తోందని బాధపడ్డారు.

బాధ నిజమే గానీ ఈ లెక్క సరైంది కాదమ్మా. ఆ ఏడు రోజుల్లో గుడ్డ ఎండే రోజులున్నాయి, పటిక పెట్టాక గుడ్డని వదిలేసే రోజుంది. అప్పుడు మీ చేతులు ఖాళీ. ఇంకో గుడ్డ మీద పని చేసుకోవచ్చు, ఇంట్లో పనీ చూసుకోవచ్చు. రోజుల్ని లెక్కపెడితే ఎండకి కూడా కూలి కట్టినట్టవుతుంది. చేతులు ఆడిన గంటలు లెక్కపెట్టాలి.

మీరు చెప్పిన డిజైన్, అంటే జంట నెమళ్ళు, చుట్టూ లతలు, రెండు వైపులా అంచు, దానికి నా అంచనా ఇది. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి పిండి ఆరేయడానికి ఒక గంట. చింతబొగ్గుతో గుర్తులు పెట్టుకుని కలంతో నల్లగీత వేయడానికి తొమ్మిది గంటలు. ఎరుపు రావాల్సిన చోట్ల పటిక నింపడానికి మూడు. ఉడకబెట్టడానికి రెండు. ఉతకడానికి రెండు. పసుపు, ఆకుపచ్చ, నీలం నింపడానికి ఏడు. ఆఖరి ఉతుకు, ఇస్త్రీ ఒక గంట. ఫోటోలు తీసి, పెట్టి, "ఇంకో కలర్ ఉందా అండీ" అన్న మెసేజ్‌లకి జవాబులివ్వడానికి రెండు గంటలు. మొత్తం 27. ఈ చివరి రెండు గంటల్ని ఎవరూ లెక్కలో రాయరు. అవీ మీ గంటలే. ఆ టైములో మీరు కలం పట్టుకోలేదు కదా.

1,120ని 27తో భాగిస్తే గంటకి 41 రూపాయల చిల్లర వస్తుంది. ఎనిమిది గంటలకి 330. అంటే ఇన్నేళ్ళు గీత నేర్చుకున్న చేతికి మట్టి పని కూలి కంటే పాతిక రూపాయలు ఎక్కువ. అది కూడా ఒక్క గుడ్డా పాడవకపోతేనే.

పాడవకుండా ఉండవు. ఈ పని తెలియనివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. పటిక నీళ్ళు గుడ్డ మీద సరిగ్గా కనపడవు. నింపేటప్పుడు కలం నుంచి ఒక చుక్క పక్కన పడితే ఆ పూట తెలియదు. మంజిష్ఠ, చవల్‌కొడి అనే ఎర్రరంగు దినుసులు వేసి ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న ప్రతిచోటా ఎరుపు పడుతుంది. నెమలి మెడ పక్కన, ఖాళీగా ఉండాల్సిన చోట, ఆ చుక్క కూడా ఎర్రగా తేలుతుంది. అప్పటికి పదిహేను గంటల పని అయిపోయి ఉంటుంది. పాల పాకం తేడా వస్తే గీత పాకిపోతుంది. ఆరేసిన గుడ్డ మీద ఉన్నట్టుండి వాన పడితే ఇంకో గొడవ. నాకు పదింటిలో ఒకటి పోతుంది. మీకు రెండేళ్ళ అనుభవమే కాబట్టి అంతకంటే తక్కువేమీ పోవు. పోయినదాని ఖర్చు బాగున్న తొమ్మిందే మోయాలి.

కాబట్టి అసలు లెక్క ఇలా కట్టండి. సరుకు 680. గంటకి 75 చొప్పున, అంటే రోజుకి 600 చొప్పున, 27 గంటలకి 2,025. రెండూ కలిపితే 2,705. పాడయ్యేవాటి కింద పదో వంతు 270 వేస్తే 2,975. కరెంటు, ఫోను, గిన్నెలు, ఎగ్జిబిషన్ ప్రయాణాలు, ఇలాంటి పైఖర్చుల కింద 200 వేయండి. 3,175 అయింది. ఇది మీ గిట్టుబాటు. ఇంతకి అమ్మితే మీ కూలి మీకు వస్తుంది, లాభం ఏమీ ఉండదు. లాభం ఉంటేనే వచ్చే నెల గుడ్డ ఒక్కసారే కొనుక్కోగలరు, ఒక నెల అమ్మకాలు లేకపోయినా అప్పు చేయకుండా నిలబడగలరు. దానికి నూటికి పదిహేను వేస్తే 3,650 దగ్గర తేలుతుంది.

1,800కి ఇది రెట్టింపు. గుండె దడదడలాడుతుందని తెలుసు. నాకూ అలాగే అయింది.

ఇక్కడ కొనేవాళ్ళ తరఫున ఒక మాట చెప్పాలి. నేర్చుకునే గంటలకి ఎవరూ డబ్బులివ్వరు, అడగడం న్యాయమూ కాదు. మొదటిసారి వేసిన డిజైన్‌కి 27 గంటలు పడితే, ఆరోసారికి 20 గంటల్లో అవ్వాలి. లెక్క ఆ ఆరోదాని గంటలతో కట్టాలి. ముందు ఐదింటికి ఎక్కువ పట్టిన గంటలు మీ చదువు ఖర్చు. అలాగే ఒక దుపట్టా మీద మీకు ప్రేమ ఎక్కువ ఉండొచ్చు, జ్వరంతో కూర్చుని వేసి ఉండొచ్చు, మీ అమ్మగారు పోయిన నెలలో వేసి ఉండొచ్చు. అది మీకున్న విలువ. దాన్ని ధరలో కలపకండి. అంత ప్రేమ ఉన్నదాన్ని అమ్మకుండా దాచుకోండి. నా దగ్గర అలాంటివి రెండున్నాయి.

షాపుకి ఇచ్చేటప్పుడు చాలామంది పడే గోతి ఒకటుంది. అమ్మిపెట్టినందుకు షాపువాళ్ళు నూటికి నలభై తీసుకుంటామన్నారనుకోండి. మనం వెంటనే 3,650కి నలభై శాతం కలిపి 5,110 అని ట్యాగ్ రాస్తాం, సరిపోయిందనుకుంటాం. షాపు నలభై శాతం తీసుకునేది 5,110 మీద. అంటే 2,044 వాళ్ళకి పోతుంది, మీ చేతికొచ్చేది 3,066. మీ గిట్టుబాటు 3,175. దుపట్టాకి 109 రూపాయలు మీరే ఎదురిచ్చి అమ్మినట్టు. 3,650 మీకు రావాలంటే దాన్ని 0.6తో భాగించాలి, ట్యాగ్ మీద దాదాపు 6,080 ఉండాలి. అంత ధరకి ఆ షాపులో పోదనిపిస్తే ఆ షాపు మనది కాదు. షాపువాళ్ళని తిట్టుకోవాల్సిన పనీ లేదు, వాళ్ళకి అద్దె ఉంది, జీతాలున్నాయి. మీరు మాత్రం ఇంటి దగ్గర ఒక ధర, షాపులో ఒక ధర పెట్టకండి. షాపులో 6,080 చూసినావిడ మీ దగ్గర 3,650కి దొరుకుతుందని తెలుసుకుంటే ఆ షాపు మీ సరుకు మళ్ళీ తీసుకోదు. షాపులకి వేరే డిజైన్లు ఇవ్వడం మంచిది. నేను అలాగే చేస్తాను.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్ద ఊరి నుంచి ఒక షాపువాళ్ళు నలభై స్టోల్స్ కావాలన్నారు. అన్నీ ఒకేసారి కాబట్టి తగ్గించమన్నారు. నలభై అనేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. నా ధరలో మూడో వంతు తగ్గించాను. యంత్రం మీద అయితే నలభై చేసినప్పుడు ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. చేత్తో గీసేటప్పుడు, చెయ్యి తిరిగిన డిజైన్ అయితే, నలభయ్యోదానికి కూడా మొదటిదానికి పట్టినన్ని గంటలు పడతాయి. గుడ్డ టోకున కొంటే నాలుగు రూపాయలు కలిసొస్తుంది, అంతే. ఆ తేదీకి అందించాలని ముగ్గురిని కూలికి పెట్టుకున్నాను. వాళ్ళ కూలి వారం వారం ఇచ్చాను. షాపువాళ్ళ డబ్బు ఐదు నెలలకి వచ్చింది. నా కూలి రావడం కాదు కదా, చేతి నుంచే పదకొండు వేలు పోయాయి. అప్పట్నుంచి ఎన్ని తీసుకున్నా చేతి పనికి నూటికి ఐదు కంటే తగ్గించను. సగం డబ్బు ముందు రాకపోతే గుడ్డ నానబెట్టను.

సరే, గిట్టుబాటు తేలింది. 3,650కి ఎవరు కొంటారన్నది అసలు ప్రశ్న. ఇక్కడి నుంచి విలువ సంగతి.

ఆవిడ చెప్పిన మూడు వందల దుపట్టా ఏమై ఉంటుందో మీకు తెలుసు. కలంకారీ డిజైన్‌ని యంత్రం మీద ప్రింట్ చేసిన గుడ్డ అది. అమ్మేవాడూ దాన్ని కలంకారీ అనే అంటాడు, కాబట్టి ఆవిడకి మీదీ అదీ ఒకటే. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మిమ్మల్ని అవమానించాలనీ అనుకోలేదు. తనకి కనిపించింది చెప్పారు. పక్కపక్కన పెడితే రెండింట్లోనూ నెమలి ఉంది, లతలున్నాయి, అదే ఇటుక ఎరుపు ఉంది. తేడా చూపించాల్సిన పని మనది. ధర తగ్గిస్తే ఆ తేడా కనపడదు సరికదా, ఆవిడ అన్నదే నిజమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంకో సంగతి. తేడా చెప్పేటప్పుడు పెడన, మచిలీపట్నం అద్దకం పనిని కించపరచకండి. అది చెక్క అచ్చులతో చేసే వేరే విద్య. దానికీ చేతి కష్టం ఉంది, దానికీ మనలాగే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఒకే అచ్చు మళ్ళీ మళ్ళీ వేయొచ్చు కాబట్టి మన కలం పని కంటే తక్కువకి ఇవ్వగలరు. యంత్రం ప్రింట్ వాళ్ళకీ దెబ్బే. "మాది కలంతో గీసింది, పెడనది అచ్చుతో అద్దింది, ఇది యంత్రం మీద వేసింది" అని ఉన్నదున్నట్టు మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించండి. గుడ్డ తిరగేసి చూపించండి. యంత్రం ప్రింట్‌లో ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. మన గుడ్డ మీద ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. ఇది చూపించడానికి ఒక్క నిమిషం చాలు.

భౌగోళిక గుర్తింపు ఉంది కదా, దానివల్ల ధర వస్తుందని చాలామంది ఆశపడతారు. ఆ గుర్తు మన పేరుని వేరేవాళ్ళు వాడుకోకుండా కాపాడటానికి. కొనేవాళ్ళకి ఆ గుర్తు అంటే ఏమిటో తెలియకపోతే దాన్ని చూసి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు. మనం నోరు తెరిచి చెప్పాల్సిందే.

ఐదారేళ్ళ క్రితం హైదరాబాద్ శిల్పారామంలో స్టాల్ పెట్టాను. సాయంత్రం ఒకావిడ, ఎనిమిదో తరగతి చదివే కూతురితో వచ్చారు. 4,200 అని రాసి ఉన్న దుపట్టా పట్టుకుని, మీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. ఆరోజు నా దగ్గర కరక్కాయ పట్టించిన పాత గుడ్డముక్క, చిన్న గిన్నెలో కసిమి ఉన్నాయి. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు ఊరబెడితే వచ్చే నీళ్ళు, మన నల్లరంగు అదే. నేనేమీ వాదించలేదు. కలం ఆ పాప చేతికిచ్చి, ఒక గీత గియ్యమ్మా అన్నాను.

వెదురుపుల్ల మొనకి కొంచెం పైన ఉన్ని చుట్టి ఉంటుంది కదా, రంగు దాంట్లో ఉంటుంది. దాన్ని వేళ్ళతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. పాప నొక్కగానే రంగు ధారగా దిగి గుడ్డ మీద రూపాయి బిళ్ళంత మడుగు కట్టింది. ముందు తేనీళ్ళలా పలచగా ఉంది. మేం ముగ్గురం చూస్తుండగానే నల్లబడింది. పాప "అరే" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను కలం తీసుకుని ఆ మరక పక్కనే నెమలి మెడ గీశాను. తల దగ్గర మొదలుపెట్టి రొమ్ము దాకా ఒకే గీత, మధ్యలో కలం ఎత్తకుండా. ఎత్తితే అక్కడ ముడి పడుతుంది. వాళ్ళమ్మగారు వంగి చూస్తూ, "తప్పు పడితే చెరపొచ్చా?" అని అడిగారు. చెరపడం ఉండదమ్మా అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న దుపట్టా మీద నెమళ్ళు లెక్కపెట్టారు. పద్నాలుగు.

ఆరోజు ఆవిడ దుపట్టా కొనలేదు. అంత బడ్జెట్ లేదన్నారు. 650 రూపాయల చిన్న పటం తీసుకున్నారు, ఒక్క రూపాయి బేరం ఆడలేదు. పాప గీసిన మరక ఉన్న గుడ్డముక్క కూడా ఇస్తారా అని అడిగి, దాన్ని జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆవిడ డబ్బు అంతే, నా ధర అంతే. మధ్యలో మారింది ఆవిడ మనసులో ఉన్న విలువ. అందుకే పావుగంట ముందు "మరీ ఎక్కువ" అన్న మనిషే "ఇప్పుడు నా దగ్గర లేదు" అన్నారు. ఈ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో స్టాల్‌లో నిలబడి అమ్మినవాళ్ళకే తెలుస్తుంది.

మీరు ఎక్కువగా ఫోన్లో అమ్ముతానన్నారు కాబట్టి ఇదే పని వీడియోతో చేయండి. పూర్తయిన దుపట్టా ఫోటోలు పది పెట్టేకంటే, నీళ్ళలా దిగిన గీత నల్లబడే ఇరవై సెకన్లు పెట్టండి. ఉడుకుతున్న గిన్నెలోంచి గుడ్డ తీసినప్పుడు ఎరుపు తేలడం పెట్టండి. దుపట్టాతో పాటు ఒక చిన్న కాగితం మీద మీ చేతిరాతతో గుడ్డ ఏమిటో, ఏ రంగు దేన్నుంచి వచ్చిందో, ఎన్ని గంటలు పట్టిందో, ఎలా ఉతకాలో రాసి పెట్టండి. ఒకప్పుడు మన తీరం నుంచి వెళ్ళిన రంగుగుడ్డల కోసం యూరప్ జనం ఎంత ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లోనూ, ఇంగ్లండ్ 1700లోనూ చట్టం చేసి వాటిని ఆపాల్సి వచ్చింది. "ఈ గుడ్డకి ఇంతా?" అన్నవాళ్ళకి నేను ఈ ముక్క చెప్తుంటాను, ఆసక్తిగా వింటారు.

విలువ చూపించినంత మాత్రాన అందరి దగ్గరా డబ్బుండదు. ఆ వెయ్యో, పద్దెనిమిది వందలో ఇవ్వగలిగినవాళ్ళని వదులుకోవాల్సిన పని లేదు. మీ కూలి తగ్గించకుండా గీత తగ్గించండి. దుపట్టా మధ్యలో ఖాళీ వదిలి, రెండు చివర్లా అంచు, ఒక్కో వైపు ఒక నెమలి వేయండి. నా లెక్కలో ఇది పన్నెండు గంటల పని. కూలి 900, రంగులు తక్కువ పడతాయి కాబట్టి సరుకు 620, పాడయ్యేవాటికి 152, పైఖర్చులు ఓ 90. గిట్టుబాటు 1,762. లాభంతో 2,030 దగ్గర పెట్టొచ్చు. మీ పాత 1,800 ధరకి ఇది ఎంతో దూరం కాదు, ఇందులో గంటకి 75 మీకు నిక్కచ్చిగా వస్తుంది. చూడటానికి కూడా బాగుంటుంది. నన్నడిగితే నిండుగా వేసినదానికంటే ఇదే బాగుంటుంది, గీత ఊపిరి పీల్చుకుంటుంది. బ్లౌజ్ ముక్కలు, చిన్న పటాలు కూడా ఇదే పద్ధతిలో లెక్క కట్టుకోండి. ఆరేడు వందలలో ఏదో ఒకటి మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఈరోజు చిన్నది కొన్నవాళ్ళే పెళ్ళిళ్ళ సీజన్‌లో చీర అడుగుతారు.

బేరాల గురించి కూడా అడిగారు. ఎగ్జిబిషన్‌లో పొద్దున్నే వచ్చేవాళ్ళు "బోణీ చేస్తున్నాం కదా, కొంచెం చూసి ఇవ్వండి" అంటారు. బోణీ మంచి జరగాలని మనకీ ఉంటుంది. ధర మాత్రం దించకండి. వేస్ట్ గుడ్డ మీద వేసిన చిన్న రుమాలో, బుక్‌మార్కో చేతిలో పెట్టండి. తీసుకున్నవాళ్ళూ సంతోషిస్తారు, పక్కన నిలబడి వింటున్నవాళ్ళకీ మీ ధర ధరేనని అర్థమవుతుంది. ఎలాగూ బేరమాడతారని ముందే ఐదొందలు పెంచి చెప్పే పద్ధతి మాత్రం వద్దు. మొహమాటంతో అడగకుండా కొనుక్కుపోయే మంచి మనిషి దగ్గర ఎక్కువ తీసుకుని, గట్టిగా అడిగినవాళ్ళకి తగ్గించినట్టవుతుంది. అది నాకు ఎప్పుడూ తప్పనిపిస్తుంది.

చుట్టాలు, స్నేహితులు ఇంకో తలనొప్పి. "మనవాళ్ళమే కదా, సగానికి ఇవ్వు" అంటారు. సగం ధరకి అస్సలు ఇవ్వకండి. దగ్గరివాళ్ళయితే ఊరికే ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, కానుకకి ధర ఉండదు. అంత దగ్గర కాకపోతే పూర్తి ధర చెప్పండి. సగానికి ఇస్తే మీకు నష్టం, వాళ్ళు వెళ్ళి నలుగురికి చెప్పేది ఆ సగం ధరే.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ అడగాల్సింది. "ఫలానావారి కలంకారీ లక్షల్లో పోతుంది కదా" అని కొందరు అంటుంటారు. మా ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి పెద్దల గీతకి ధర గంటల లెక్కన కట్టరు. ఆ చేతికి, ఆ పేరుకి, అలాంటిది ఇంకొకటి దొరకదన్నదానికి కడతారు. గంటల లెక్క మనలాంటి రోజువారీ పనివాళ్ళం మునిగిపోకుండా ఉండటానికి అడుగున ఉండే నేల. మీ గీత కోసం జనం వెతుక్కుని వచ్చే రోజు వస్తే ఆ నేల నుంచి ఎంత పైకైనా వెళ్ళొచ్చు. కిందికి మాత్రం వద్దు. ఈ కళ 1950ల నాటికి మా ఊళ్ళో దాదాపు ఆరిపోయే స్థితికి వచ్చింది. గుడులకి తెరలు వేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. హస్తకళల కోసం కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో శిక్షణ కేంద్రం పెట్టి మళ్ళీ నిలబెట్టారు. కొనేవాళ్ళు లేకపోతేనో, కూలి గిట్టకపోతేనో చేతి విద్య ఒక తరంలో పోతుంది. మా వీధిలో గీత తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు ఇప్పుడు ఫ్యాక్టరీ పనికి వెళ్తున్నారు. వాళ్ళ చేతిలో లోపం లేదు, వాళ్ళు కట్టిన ధరలో ఉంది. అందుకే మీరు 1,200 అంటే నాకు మనసుకి కష్టంగా ఉంది.

ధర ఎలా పెంచాలంటే, రేపు పొద్దున్నే అదే దుపట్టాకి 3,650 అని పెట్టకండి. మీ దగ్గర ఇప్పటికే కొన్నవాళ్ళు కంగారుపడతారు. తయారై ఉన్నవి 1,800కే అమ్మేయండి. అదే ధరకి ఒప్పుకున్న ఆర్డర్లు అదే ధరకి, అదే శ్రద్ధతో పూర్తి చేయండి, ఒప్పుకున్న మాట మాటే. కొత్త డిజైన్లు మాత్రం కొత్త లెక్కతో మొదలుపెట్టండి. అంచు దుపట్టా 2,030కీ, నిండుదుపట్టా 3,650కీ పక్కపక్కన పెట్టండి. రెండూ చూసినవాళ్ళకి పని ఎంతుంటే ధర అంతుంటుందని వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది. మొదటి రెండు నెలలు నిండువి తక్కువ పోతాయి. ఆ రెండు నెలలూ అంచువి ఎక్కువ వేయండి, కంగారుపడి ట్యాగ్ మార్చకండి. ఆర్డర్ మీద చేసేటప్పుడు సగం డబ్బు ముందే తీసుకోండి. సహజ రంగు ఫోటోలో ఉన్నట్టే అచ్చంగా రాదు, ఎండనీ నీళ్ళనీ బట్టి ఛాయ మారుతుందని కూడా ముందే రాసి పంపండి. తర్వాత గొడవలు సగం తగ్గుతాయి.

నేను వేసిన 27 గంటలు నా అంచనా మాత్రమే. వచ్చే దుపట్టా మొదలుపెట్టినప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, కూర్చున్నప్పుడు టైము, లేచినప్పుడు టైము రాయండి. కరక్కాయ నానబెట్టిన దగ్గర్నుంచి కొరియర్ వాడికి ఇచ్చేదాకా రాయండి. పూర్తయ్యాక ఆ పేజీ ఇక్కడ పెట్టండి, మీ గంటలతో లెక్క మళ్ళీ కడదాం.